ఇంటర్ కాగానే కంపెనీలోకా, బీటెక్‌లోకా? టంగుటూరు నాన్నకు జవాబు

టంగుటూరు దగ్గర పల్లె నుంచి ఒకాయన రాశారు. పొగాకు రైతు, ఆకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉంది. కొడుకు ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసయ్యాడు కానీ ఈఏపీసెట్ ర్యాంకు 70,000 దాటింది. ఈలోగా ఇంటర్ పిల్లల్ని తీసుకునే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ స్కీములో సెలెక్ట్ అయ్యాడు. ఏడాది ట్రైనింగ్, ఆపైన ఉద్యోగం, ఉద్యోగం చేస్తూనే డిగ్రీ. తండ్రికేమో అప్పు చేసైనా చెన్నైలో మేనేజ్‌మెంట్ సీటు కొని సీఎస్ఈ చదివించాలని ఉంది. "బీటెక్ లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో ఎవరు పట్టించుకుంటారు సార్, వాడు మాత్రం వెళ్ళిపోతా అంటున్నాడు, మాటకు ముందు అప్పు సంగతే ఎత్తుతున్నాడు" అని అడిగారు.

అన్నా, మీ ఉత్తరంలో నాకు పట్టుకున్నది ఆ చివరి మాటే. మీవాడు కోడింగ్ మీద ఇష్టంతో కంపెనీ అంటున్నాడా, నాన్న నెత్తిన ఇంకో అప్పు పడకూడదని అంటున్నాడా? మీరడిగితే చెప్పడు, వాళ్ళమ్మ చేత అడిగించండి. రెండోదే అయితే ఆ అప్పు మాట పక్కన పెట్టి మళ్ళీ అడగండి, జవాబు మారొచ్చు.

చెన్నై సీటు సంగతి ఒక్క ముక్కలో చెప్తా, వద్దు. మేనేజ్‌మెంట్ కోటాకు మన రాష్ట్రంలోనే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, ఇక చెన్నైలో ఎక్కడొస్తుంది? అదే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో ఇచ్చే కన్వీనర్ కోటాలో ఒంగోలులోనో నెల్లూరులోనో సీటొచ్చి, మీ ఆదాయం పరిమితి లోపల ఉంటే ఫీజు భారం చాలావరకు తగ్గుతుంది. కాబట్టి కంపెనీ స్కీమును చెన్నై సీటుతో కాదు, ఈ ఒంగోలు సీటుతో పోల్చి చూడాలి. ఇది మీ ఇద్దరికీ తట్టలేదు.

ఇప్పుడు స్కీము సంగతి. మీవాడు యూట్యూబ్‌లో ఇంగ్లండ్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్ వీడియోలు చూసి ఊగిపోతున్నాడని రాశారు. కంపెనీలో పనిచేస్తూనే యూనివర్సిటీ డిగ్రీ చదవడం, అక్కడ 2015లో మొదలైన పద్ధతి అది, జీతం వస్తుంది, యూనివర్సిటీ ఫీజు విద్యార్థి కట్టక్కర్లేదు. కంపెనీలేమీ దానధర్మాలు చేయట్లేదులెండి. ఏడాది జీతాల బిల్లు 30 లక్షల పౌండ్లు దాటిన కంపెనీలు 2017 నుంచి ప్రభుత్వానికి 0.5 శాతం లెవీ, అంటే పన్నులాంటిది, కట్టాలి, ఆ డబ్బును అప్రెంటిస్‌ల చదువుకు వాడుకోవచ్చు. పైగా అది అక్కడ నివాస హక్కు ఉన్నవాళ్ళకు, స్టూడెంట్ వీసా మీద వెళ్ళి చేరేది కాదు. మన దగ్గర అలాంటి లెవీ లేదు కాబట్టి కంపెనీ తన ఖర్చును ఇంకోలా రాబట్టుకుంటుంది, తక్కువ జీతంతో, ఇన్నేళ్ళు మానకుండా పనిచేస్తానని రాయించుకునే బాండుతో, కొన్నిచోట్ల ట్రైనింగ్ ఫీజుతో. ఆ ఫీజుకు బ్యాంకు లోను కూడా వాళ్ళే చూపిస్తారు. ఇందులో మోసమేమీ లేదు, వ్యాపారం. హెచ్‌సీఎల్ వాళ్ళు టెక్‌బీ పేరుతో 2017 నుంచి ఇంటర్ పిల్లల్ని తీసుకుంటున్నారు, గన్నవరం దగ్గర వాళ్ళకు పెద్ద క్యాంపస్ ఉంది. విప్రో అయితే బీసీఏ, బీఎస్సీ అయినవాళ్ళను తీసుకుని ఉద్యోగంతో పాటు ఎంటెక్ చదివిస్తుంది, అంటే ఇప్పుడు తప్పితే మళ్ళీ తలుపు తెరుచుకోదని కంగారు పడే పనిలేదు.

మీకు వచ్చిన ఆఫర్ కాగితంలో నేను మొదట చూసేది జీతం కాదు, డిగ్రీ పేరు. బీసీఏనా, బీఎస్సీనా, మూడేళ్ళదా, నాలుగేళ్ళదా, ఏ యూనివర్సిటీ, యూజీసీ గుర్తింపు ఉందా. దూరవిద్యలో చదివినా, ఆన్‌లైన్‌లో చదివినా గుర్తింపు ఉన్న డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో చెప్పింది, బ్యాంకు పరీక్షలకీ గ్రూప్స్‌కీ ఐసెట్ రాసి ఎంసీఏ చేయడానికీ అది పనికొస్తుంది. అమెరికాలో ఎంఎస్ అంటే మాత్రం చాలా యూనివర్సిటీలు నాలుగేళ్ళ డిగ్రీ అడుగుతాయి. ఎవరైనా దూరవిద్యలో బీటెక్ ఇప్పిస్తామంటే అక్కడే లేచి వచ్చేయండి, ఆ పద్ధతిలో బీటెక్ చెల్లదు.

అసలు భయం ఇంకోటి ఉంది. ఈ దారిలో పిల్లలు ఉద్యోగం పోగొట్టుకోవడం కంటే డిగ్రీ వదిలేయడమే ఎక్కువ చూశాను. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, నైట్ షిఫ్టు, చేతిలో మొదటి జీతం, శనివారం నిద్రకే సరిపోతుంది, ఇంక సెమిస్టర్ పరీక్ష ఎవరు రాస్తారు? నా దగ్గరికి వచ్చిన కావలి కుర్రాడొకడు అలాగే నాలుగు సబ్జెక్టులు మిగుల్చుకుని, ఇంకో కంపెనీ ఇంటర్వ్యూ దాకా వెళ్ళి, డిగ్రీ సర్టిఫికెట్ అడిగితే వెనక్కి వచ్చాడు. పొగాకు వేలంలో ఎవరూ కొనక నో బిడ్ అయిన బేలును మళ్ళీ వేలానికి పెట్టుకోవచ్చు, సగంలో ఆగిన డిగ్రీని చూపించి ఏం అడుగుతాం చెప్పండి.

పని ఏమిటో కూడా అడగాలి. కోడ్ రాసే పనా, టెస్టింగా, కస్టమర్ల కంప్లయింట్లు చూసే సపోర్టా? సపోర్టులో చేరి డెవలప్‌మెంట్‌కు మారినవాళ్ళు ఉన్నారు, కానీ ఎవరికి వాళ్ళు రాత్రిళ్ళు నేర్చుకుని మారినవాళ్ళే, కంపెనీ చెయ్యిపట్టి మార్చింది తక్కువ.

ఇటు బీటెక్ అనగానే నిశ్చింత అనుకోకండి. నాలుగేళ్ళూ రికార్డులు కాపీ కొట్టి, ప్రాజెక్టు అమీర్‌పేటలో కొనుక్కుని, ఒక్క ప్రోగ్రామ్ సొంతంగా రాయకుండా పట్టా తెచ్చుకున్నవాళ్ళు మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో ఇంటికొకరు దొరుకుతారు.

మీవాడి విషయంలో నా మాట ఇది. కౌన్సెలింగ్‌లో ఒంగోలు, నెల్లూరు కాలేజీల్లో సీఎస్ఈకి, దాని పక్క బ్రాంచీలకు ఆప్షన్లు పెట్టండి. సీటొచ్చి రీయింబర్స్‌మెంట్ వర్తిస్తే బీటెక్‌కే పంపండి, ఇంటి నుంచి తిరిగి చదివితే ఖర్చు బస్ పాసే. సీటు రాకపోయినా, వచ్చి మీరు లక్షలు కట్టాల్సి వచ్చినా, అప్పుడు స్కీము నాకు నచ్చుతుంది, మీవాడు నిజంగా కోడింగ్ ఇష్టపడి పోతానంటే మరీనూ. బాండు ఎన్నేళ్ళు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, పరీక్షలకు సెలవు ఇస్తారా అనేవి నోటిమాటగా కాకుండా ఈమెయిల్‌లో రాయించుకోండి. హెచ్ఆర్‌కు రాసేది మీవాడే రాయాలి, మీరు కాదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకండి, జిరాక్సులు ఇవ్వండి. వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఆఫర్ కాగితం తీసుకుని ఒంగోలు రండి, మీవాణ్ణి కూడా తీసుకురండి, వాడితో ఒక అరగంట విడిగా మాట్లాడాలి.