బేకరీలో పనిచేసేవాళ్లకు పిండి వల్ల ఆస్తమా వస్తుందా?

వస్తుంది, పిండి దుమ్మును రోజూ పీల్చేవాళ్లలో కొందరికి ముక్కు అలర్జీ, ఆ తర్వాత ఆస్తమా కూడా వస్తాయి. గాల్లో తేలే గోధుమపిండిలోని ప్రోటీన్లను, బ్రెడ్ మెత్తగా రావడానికి కలిపే ఆల్ఫా అమైలేజ్ ఎంజైమును రోగనిరోధక వ్యవస్థ శత్రువుగా పొరబడి ఐజీఈ అనే, అలర్జీని రేపే యాంటీబాడీలు తయారుచేస్తుంది. ఇక అక్కణ్ణుంచి కొద్దిపాటి దుమ్ము చాలు. ఉదాహరణకు, బస్తాను మిక్సర్లోకి ఒక్కసారిగా కుమ్మరిస్తే పిండి తెల్లటి పొగలా లేస్తుంది చూడండి, అప్పటికప్పుడో కొన్ని గంటలకో తుమ్ములు, కళ్ల దురద, పిల్లికూతలు మొదలవుతాయి. సెలవు రోజుల్లో తగ్గుతాయి. ఈ తేడాను డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

"తినే పిండే కదా, ఏం చేస్తుంది?" అనుకోవడం పొరపాటు. కడుపులోకి వెళ్లడం వేరు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం వేరు. ఈ ఆస్తమా ఉన్నవాళ్లలో చాలామంది బ్రెడ్ మామూలుగానే తింటారు. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు కాబట్టి ఇక రాదనుకోవడమూ తప్పే.