జిమ్మీ షాండ్ ఎవరు? ఆయన అకార్డియన్‌కి అంత పేరెందుకు?

జిమ్మీ షాండ్ (1908–2000) డ్యాన్సు సంగీతం వాయించిన అకార్డియన్ కళాకారుడు (అకార్డియన్ అంటే చేతుల్లో పట్టుకుని, మధ్యనున్న గాలితిత్తిని నొక్కుతూ లాగుతూ వాయించే వాద్యం). స్కాట్లండ్‌లోని ఫైఫ్ ప్రాంతంలో, ఈస్ట్ వీమ్స్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టారు. 14 ఏళ్లకే గనిలోకి దిగారు. 1926లో బ్రిటన్‌లో జరిగిన సార్వత్రిక సమ్మెతో ఆ పని పోయింది. తర్వాత డండీలో సంగీత వాద్యాల కొట్లో చేరారు, 1933 నుంచి రికార్డులిచ్చారు.

ఆయన గొప్పతనమంతా వాయించే తీరులోనే ఉంది. ఆయనది బటన్ల అకార్డియన్: ఒకే బటన్ మీద తిత్తి నొక్కితే ఒక స్వరం, లాగితే ఇంకోటి. అంత చిక్కుల వాద్యం మీద కూడా ప్రతి స్వరం తేటగా పలుకుతుంది, లయ ఇసుమంతైనా జారదు. డ్యాన్సు చేసేవాళ్లకి కావాల్సింది అదే కదా! అకార్డియన్లు తయారుచేసే హోనర్ కంపెనీ ఆయన పేరుతోనే ‘షాండ్ మోరినో’ మోడల్ తయారుచేసింది.

1955లో ఆయన వాయించిన ‘బ్లూబెల్ పోల్కా’ అనే డ్యాన్సు ట్యూను రికార్డు బ్రిటిష్ టాప్ 20 జాబితాకి ఎక్కింది. దాని నిర్మాత, తర్వాత బీటిల్స్‌తో పనిచేసిన జార్జ్ మార్టినే. సర్ బిరుదు మాత్రం చాలా ఆలస్యంగా, 1999లో ఇచ్చారు.