చింతపండు పులుపూ, టైటానియమూ

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

షార్ప్‌లెస్ ఎపాక్సిడేషన్ (డబుల్ బాండ్ మీద ఆక్సిజన్‌ని ఒకే ముఖం నుంచి చేర్చే రియాక్షన్) మూడుసార్లు పెడితే మూడు రకాల ఇ.ఇ. (రెండు అద్దపు రూపాల్లో ఒకటి రెండోదాని కంటే ఎంత శాతం ఎక్కువో చెప్పే అంకె) వచ్చిందని రాశావు. లైగాండ్ (టైటానియం కేటలిస్టుకి అతుక్కుని ఆ ముఖాన్ని ఎంచే పదార్థం) సీసా మార్చేయాలా అని అడిగావు. తొందరపడకమ్మా, అది ఖరీదైన సరుకేం కాదు గానీ తప్పు దానిది కాదనుకుంటాను. చింతపండుకి పులుపు ఏ ఎల్-టార్టారిక్ ఆమ్లం వల్ల వస్తుందో, ఆ ఆమ్లానికి ఎస్టరే నీ లైగాండ్, ప్లస్ డైఎథిల్ టార్ట్రేట్. ఆగస్టు నెలలో హైదరాబాదు ల్యాబు కదా, నా అనుమానమంతా తేమ మీదే, రియాక్షన్‌లోకి చేరే నీళ్ల మీదే.

1980లో షార్ప్‌లెస్, కాట్సుకి ఈ పద్ధతి ప్రకటించినప్పుడు టైటానియం దండిగా పోయాల్సి వచ్చేది. 1986లో మాలిక్యులర్ సీవ్స్ (నీళ్లని పీల్చుకునే సన్న రంధ్రాల ఖనిజం) వేసి చూశాకే 5, 10 మోల్ శాతంతో (నూరు ఆల్కహాల్ అణువులకి 5, 10) పని జరిగింది. నువ్వేమో సీవ్స్‌ని డబ్బాలోంచి చెంచాతో తీసి వేసేస్తున్నావు! పౌడర్‌గా ఉన్న సీవ్స్‌ని వాక్యూమ్‌లో 160 డిగ్రీల దగ్గర కనీసం 3 గంటలు ఉంచి, అప్పుడు వాడు. టీబీహెచ్‌పీ (ఆక్సిజన్‌ని అందించే పెరాక్సైడ్) కూడా నీళ్లలో కలిపిన 70 శాతం సరుకు వద్దు, టోలీన్‌లోనో ఐసోఆక్టేన్‌లోనో ఉన్న, నీళ్లు లేని ద్రావణం తీసుకో. దాన్ని ఎప్పుడూ డిస్టిల్ చేయకు, గాఢమైన దాంట్లో బలమైన ఆమ్లం గానీ లోహ లవణం గానీ పడనీయకు. ఈ ఒక్క విషయంలో మాత్రం వాదించకు.

టైటానియం 5 మోల్ శాతం వేస్తే టార్ట్రేట్ 6 వెయ్యి. తగ్గితే ఇ.ఇ. పడిపోతుంది, మరీ ఎక్కువైతే రియాక్షన్ నత్తనడక నడుస్తుంది. మైనస్ 20 డిగ్రీల్లో టార్ట్రేట్, టైటానియం ఐసోప్రొపాక్సైడ్, టీబీహెచ్‌పీ కలిపి అరగంట తిరగనివ్వు. అల్లైలిక్ ఆల్కహాల్ (డబుల్ బాండ్ పక్క కార్బన్ మీద హైడ్రాక్సిల్ ఉన్న నీ ముడిసరుకు) చివర్లో, చుక్కలు చుక్కలుగా వెయ్యి. ఆ అరగంటలోనే అసలు కేటలిస్టు తయారవుతుంది. ఆకలేసిందని దాన్ని పది నిమిషాలకు కుదించేవాళ్లను చాలామందిని చూశాను.

ఆక్సిజన్ ఏ ముఖం నుంచి వస్తుందో గుర్తుందిగా? డబుల్ బాండ్‌ని కాగితం మీద పరిచి, హైడ్రాక్సిల్ కుడి కింది మూలకు వచ్చేలా గీస్తే, ఎల్ టార్ట్రేట్‌తో ఆక్సిజన్ కిందినుంచి చేరుతుంది.

ఇక కొలత సంగతి. నేను చేరిన కొత్తలో కైరల్ కాలమ్ (అద్దపు రూపాలు రెంటినీ విడదీసే గొట్టం) మీద ఒకటే పీకు వచ్చిందని పొంగిపోయి, బాస్‌కి ఇ.ఇ. 99 శాతం అని చెప్పేశాను. రెసిమిక్ (రెండు రూపాలూ సగం సగం ఉన్న) నమూనా పోస్తే అదీ ఒకటే పీకు! ఆ కాలమ్ వాటిని విడదీయనే లేదు. నాలుగు రోజులు క్యాంటీన్‌కి పోలేదు. కాబట్టి ముందు ఎంసీపీబీఏతో (ఏ ముఖాన్నీ ఎంచకుండా ఆక్సిజన్ చేర్చే పెరాసిడ్) రెసిమిక్ ఎపాక్సైడ్ చేసుకో. రెండు పీకులు విడివిడిగా కనపడ్డాకే నీది ఇంజెక్ట్ చెయ్యి. అది కూడా స్ఫటికాలు కట్టించక ముందు, క్రూడ్ (శుద్ధి చేయని సరుకు) నుంచే. స్ఫటికీకరణలో ఇ.ఇ. పెరగొచ్చు, అప్పుడు నువ్వు చూసే అంకె కేటలిస్టుది కాదు.

ఈసారి రెసిమిక్‌దీ నీదీ, రెండు పీకుల ట్రేసులూ పక్కపక్కన పెట్టి పంపు. నా కళ్లజోడు మారింది, మీ అత్తయ్య ఫోన్‌లో పెద్దవి చేసి చూపిస్తానంది.

ఇట్లు,
మావయ్య