పేరు తెలిశాక పాట వేరుగా వినిపిస్తుందా?

ఒక సంగీత విద్వాంసుడి ప్రతిభను అతని ప్రసిద్ధితో సంబంధం లేకుండా అంచనా వేయగలమా, లేక పేరు చెవిన పడగానే మన తీర్పు సగం ముగిసిపోతుందా అన్నది మీ ప్రశ్న. నేను 12 ఏళ్లు కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను. ఆ తరువాత ఉద్యోగం చేసుకుంటూనే గోదావరి తీరంలోని ఒక చిన్న పట్టణంలో, సంగీత సభ కార్యవర్గ సభ్యులలో ఒకరిగా 15 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఎవరిని కచేరీకి పిలవాలి, ఎవరిని వచ్చే ఏడాది చూద్దామని పక్కన పెట్టాలి అన్నది ఏటా తేల్చవలసిన ఐదుగురిలో ఒకరిగా, నాకు అనుభవంలో తెలిసినంతవరకు ఈ జవాబు రాస్తున్నాను.

పేరు మన చెవిని చెడగొట్టదు. తప్పు పాడితే, ఎంత పెద్ద విద్వాంసుడు పాడినా, శ్రుతిజ్ఞానం ఉన్న శ్రోతకు అది తప్పుగానే వినబడుతుంది. పేరు మార్చేది, విన్నదానికి మనం మనసులో చెప్పుకునే కారణాన్ని. ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసిన సంగతి కాదు. నేనే చేసిన ఒక తప్పు వల్ల తెలిసింది.

కొన్నేళ్ల క్రితం మార్గశిరంలో చెన్నైకి వెళ్లి, నేను చిన్నప్పటి నుంచి ఆరాధించిన ఒక విద్వాంసుడి కచేరీ విన్నాను. ఆయన ఆ సాయంత్రం శంకరాభరణ రాగాన్ని ప్రధానంగా తీసుకున్నారు. ఆలాపనలో తార షడ్జమం, అంటే పై స్థాయి 'స' మీద నిలిచిన ప్రతిసారీ స్వరం తంబుర కంటే వెంట్రుకవాసి కిందనే ఉంది. షడ్జమం అచల స్వరం. దానికి గాంధారానికో నిషాదానికో ఉన్నట్టు ఊపు ఉండదు కాబట్టి, అక్కడ తగ్గితే అది గమకమని సర్దిచెప్పుకోవడానికి వీలు లేదు. నాకది స్పష్టంగా వినబడింది. అయినా ఆ క్షణంలోనే నా మనసు దానికి వయసనీ, ఆర్తి అనీ, పాటలో లీనమైపోవడమనీ ఒకదాని తరువాత ఒకటిగా పేర్లు పెట్టింది. హాలు దాటి బయటికి వచ్చేసరికి ఆ లోపమే నా దృష్టిలో ఆయన గొప్పతనానికి ఒక గుర్తుగా మారిపోయింది.

ఊరికి తిరిగి వచ్చిన రెండు వారాలకు మా సభలో కొత్త గాయకుల ఎంపిక జరిగింది. పందొమ్మిదేళ్ల అమ్మాయి ఒకరు కల్యాణి రాగం పాడారు. తార షడ్జమం దగ్గర ఆమె గొంతు కూడా అదే మేరకు తగ్గింది. నేను నా పుస్తకంలో "శ్రుతి నిలకడ చాలదు" అని రాసి, ఇంకో రెండేళ్లు సాధన చేయాలని సూచించాను. ఆ తీర్పు ఇచ్చేటప్పుడు నాకు ఏ సందేహమూ కలగలేదు. చెన్నై కచేరీని కొన్నాళ్లకు ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎందుకో ఒక రాత్రి దానినీ, మా ఎంపికలో రికార్డు చేసిన ఆ అమ్మాయి పాటనూ వెంట వెంటనే విన్నాను. శ్రుతి నుంచి ఇద్దరి గొంతూ తొలగిన దూరంలో నాకు తేడా కనబడలేదు. ఆయన విషయంలో భావమన్నదాన్నే ఆమె విషయంలో దోషమన్నాను. ఆ రెండేళ్లలో ఆమె మా ఊరి వేదిక మీద పాడి ఉండవలసింది, నా వల్ల పాడలేదు. ఈ బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

ఆ తరువాతి ఏడాది నేను కార్యవర్గంలో ఒక ప్రతిపాదన పెట్టాను. వచ్చిన రికార్డుల మీద పేరు, గురువు పేరు, ఊరు, బహుమతుల వివరాలు తీసేసి అంకెలు మాత్రమే ఉంచుదామనీ, ఐదుగురమూ విడివిడిగా విని మార్కులు వేశాకే కలుద్దామనీ అడిగాను. ఇది నేను కొత్తగా కనిపెట్టిన పద్ధతి కాదు. బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రిగా ఉన్న 1950లలో, ఎవరు పాడుతున్నారో వినేవారికి తెలియకూడదనే నియమంతో ఆకాశవాణి కళాకారులను పరీక్షించడం మొదలుపెట్టింది. ఆ పరీక్షలో కళాకారులకు ఇచ్చే బి, బి-హై, ఎ, టాప్ అనే శ్రేణులు ఇప్పటికీ ఉన్నాయి. అప్పటికే పేరున్న విద్వాంసులు కొందరు తమను తెర చాటున కూర్చోబెట్టి పరీక్షించడమేమిటని నొచ్చుకున్నారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఆ పద్ధతి వెనుక ఉన్న న్యాయం నాకు అంతకంటే ఎక్కువగా అర్థమవుతుంది.

మా సభకు ఆ సంవత్సరం 17 రికార్డులు వచ్చాయి. అంతకు ముందు ఏళ్లలో మా ఐదుగురి అభిప్రాయాలు దాదాపు ఎప్పుడూ కలిసేవి, అది మా అందరి అభిరుచీ ఒకటి కావడం వల్లనే అనుకునేవాళ్లం. అంకెలతో విన్నప్పుడు ఒకరు మొదటి స్థానం ఇచ్చిన పాటకు మరొకరు పదకొండో స్థానం ఇచ్చారు. అంటే అన్నాళ్లూ మమ్మల్ని కలిపి ఉంచింది చాలావరకు ముందే తెలిసిన పేర్లు. మాలో అందరికంటే పెద్దవారు, నలభై ఏళ్లు వయొలిన్ పాఠాలు చెప్పినవారు, తొమ్మిదో అంకెను చివరి వరుసలో పెట్టారు. వివరాలు విప్పి చూస్తే ఆ యువకుడు ఒక సుప్రసిద్ధ విద్వాంసుడి శిష్యుడని తేలింది. "గురువుగారికి ఏమని చెబుతామండీ, ఒకసారి మళ్లీ వినండి" అని మాలో ఒకరు ఆయనను కోరారు. "విన్నదే రాశాను బాబూ, మళ్లీ విన్నా అదే రాస్తాను. గురువుగారి పాట కాదు కదా నేను విన్నది" అని ఆయన జవాబిచ్చి పుస్తకం మూసేశారు. ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు రెట్టింపయింది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. పేరు దాచిపెట్టడం కొత్తవారి విషయంలోనే సాధ్యం. పేరు పొందిన గాయకుడి గొంతును ఒక పంక్తి పాడేలోగా గుర్తుపట్టేస్తాం. కొత్తవారిలో కూడా బాణీ వినగానే గురువు ఎవరో ఊహకు అందుతుంది. కాబట్టి ఈ పద్ధతి పూర్తి మందు కాదు.

ఈ విషయం మీద నాకు తెలిసిన ప్రయోగాలలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది 2006లో 'సైన్స్' పత్రికలో వచ్చినది. మాథ్యూ సాల్గానిక్, పీటర్ డాడ్స్, డంకన్ వాట్స్ అనే ముగ్గురు పరిశోధకులు ఎవరికీ తెలియని బృందాల పాటలు 48 ఎంచుకొని, 14,341 మందికి ఇంటర్నెట్‌లో వినిపించారు. ఒక వర్గానికి పాటలు మాత్రమే ఇచ్చారు. మిగిలినవారిని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాటను ఎందరు డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా చూపించారు. ఇతరుల ఇష్టం తెలియని వర్గంలో 26వ స్థానంలో నిలిచిన ఒక పాట, ఒక గుంపులో 1వ స్థానానికి ఎక్కింది, మరో గుంపులో 40వ స్థానానికి పడిపోయింది. బాగా మంచి పాటలు అట్టడుగుకు పోవడం, బాగా నాసిరకం పాటలు పైకి రావడం మాత్రం అరుదుగానే జరిగింది. ఈ రెండో సంగతి కూడా నాకు అంతే ముఖ్యం. ప్రసిద్ధి అంతా అబద్ధమని వాదించేవారితో నేను ఏకీభవించను. పేరు పొందినవారిలో అత్యధికులు విద్య ఉన్నవారే. అయితే విద్య ఉన్న పదిమందిలో పేరు వచ్చే ఆ ఒక్కరూ ఎవరన్నది విద్య ఒక్కటే తేల్చదు.

కర్ణాటక గాయకులు వోలేటి వేంకటేశ్వర్లు గారిని (1928–1989) తలుచుకున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తుకొస్తుంది. ఆయన శ్రీపాద పినాకపాణి గారి దగ్గర నేర్చుకున్నారు, విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. సాటి విద్వాంసులు ఆయన రాగాలాపనను ఎంతో గౌరవించేవారు. అదే గురువుగారి దగ్గర నేర్చుకున్న నేదునూరి కృష్ణమూర్తి గారికి 1991లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు వచ్చింది, అది ఆయనకు పూర్తిగా తగిన గౌరవం. వోలేటి వారి పేరు మాత్రం తెలుగునాట కూడా సంగీతం తెలిసినవారి మధ్యనే ఎక్కువగా మిగిలిపోయింది. ఆయన రికార్డులు విన్న ఏ యువ గాయకుడైనా నన్ను మొదట అడిగేది, ఈయన గురించి ఇన్నాళ్లూ మాకెవరూ ఎందుకు చెప్పలేదని.

పేరు కొన్నిసార్లు ఎదురు దిశలోనూ పనిచేస్తుందని ఇక్కడే చెప్పాలి. ఘంటసాల గారు విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర శాస్త్రీయ సంగీతం శ్రద్ధగా నేర్చుకున్నారు. సినిమా పాటతో వచ్చిన అపారమైన కీర్తి వల్ల, ఆ చదువును ఒక ప్రత్యేకమైన విద్యగా లెక్కలోకి తీసుకోవడానికి శాస్త్రీయ సంగీత రసికులు కొందరు నేటికీ సందేహిస్తారు.

ఇంతవరకు చెప్పినదంతా వినేవారి తీర్పు గురించి. దీనికంటే లోతైన చిక్కు మరొకటి ఉంది, అది మా సభలోనే నాకు కనబడింది. అంకెల పద్ధతిలో మొదటి స్థానం వచ్చిన అమ్మాయికి మేము కచేరీ ఇచ్చాము. అప్పటి మా అలవాటు ప్రకారం కొత్తవారికి మధ్యాహ్నం మూడు గంటలకు, గంట సేపు, స్థానికంగా దొరికిన పక్కవాద్యాలతో. నలభై మంది వచ్చారు. ఆమె తోడి రాగం మొదలుపెట్టి రాగస్వరూపం పూర్తిగా తేకముందే గడియారం చూసుకోవలసి వచ్చింది. నెరవు (ఒకే పంక్తిని రకరకాలుగా పెంచి పాడడం) వదిలేసి, స్వరాలు నాలుగు తాళావర్తాలతో ముగించింది. బయటికి వెళుతూ ఒక రసికుడు "గొంతు బాగుందండీ, మనోధర్మం ఇంకా రావాలి" అన్నారు. మనోధర్మమంటే అప్పటికప్పుడు సొంతంగా కల్పించి పాడే శక్తి.

మూడేళ్ల తరువాత, ఆమెకు బయట కొంత పేరు వచ్చాక, అదే అమ్మాయిని సాయంత్రం ఆరు గంటలకు పిలిచాము. రెండున్నర గంటల సమయం, ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్న మృదంగ విద్వాంసుడు, నిండిన హాలు. ఆమె మళ్లీ తోడి ఎంచుకుంది. నలభై నిమిషాలు సాగిన ఆ తోడిలో, మంద్రం నుంచి తొందర లేకుండా ఒక్కొక్క మెట్టే ఎక్కుతూ, గాంధారం దగ్గర నిలిచి తిరిగి తిరిగి చూసిన తీరు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నెరవులో ఆమె ఒక చోట తడబడబోతే మృదంగం ఆమెను పట్టుకొని నిలబెట్టింది. "ఎంత ఎదిగిందండీ!" అని అందరూ అన్నారు, మధ్యాహ్నం వచ్చిన ఆ రసికుడు కూడా అన్నారు. రెండు రికార్డులూ నా దగ్గర ఉన్నాయి. మొదటి రోజు పాడిన పన్నెండు నిమిషాల ఆలాపననూ, రెండో రోజు ఆలాపనలో మొదటి పన్నెండు నిమిషాలనూ పక్కపక్కన పెట్టి పలుమార్లు విన్నాను. మూడేళ్ల సాధన తెచ్చిన నిబ్బరం తప్పకుండా ఉంది, దాన్ని తక్కువ చేయను. కానీ మనోధర్మం కొత్తగా పుట్టలేదు. మొదటి రోజే అది ఉంది, దానికి నడవడానికి చోటు లేకపోయింది.

అందుచేత ప్రసిద్ధుడినీ అప్రసిద్ధుడినీ పోల్చేటప్పుడు మనం ఒకే పరీక్ష రాసిన ఇద్దరిని పోల్చడం లేదు. పేరున్నవారికి సమయం, మంచి పక్కవాద్యం, వారి పాట తెలిసి వచ్చిన శ్రోతలు దొరుకుతారు. మొదటి అరగంట గొంతు వేడెక్కకపోయినా శ్రోత ఓపికగా కూర్చుంటాడు. కొత్తవారి మీద తీర్పు, కచేరీ మొదట్లో పాడే వర్ణం ముగిసేలోపే పడిపోతుంది. పేరు వల్ల కలిగిన ఈ వసతులు నిజంగానే పాటను మెరుగుపరుస్తాయి, ఆ మెరుగైన పాటను చూసి పేరు సరైనదేనని మనం నిర్ధారించుకుంటాం. చాలామంది పేరు వల్ల మోసపోతామని మాత్రమే అనుకుంటారు. నాకు ఇంతకంటే కష్టంగా తోచేది, మోసం లేని చోట కూడా పేరు ప్రతిభను పెంచి చూపడమే కాక నిజంగా పెంచడం.

మీరు స్వయంగా ఎవరి ప్రతిభనైనా అంచనా వేయాలనుకుంటే నేను ఇప్పుడు పాటిస్తున్నది చెబుతాను. లోపం వినబడగానే దానికి కారణం రాయకుండా, "తార షడ్జమం తగ్గింది", "రెండో కాలంలో స్వరాలు పరుగెత్తాయి" అని విన్నది మాత్రమే రాసుకుంటాను. కచేరీ అయ్యాక అవే మాటలను వేరొక పేరు కింద ఊహించుకొని, నా తీర్పు మారుతుందేమో చూసుకుంటాను. మారిన రోజులు ఇప్పటికీ ఉన్నాయి.

మా సభలో గత నాలుగేళ్లుగా, అంకెల పద్ధతిలో ముందు వచ్చిన ఒకరికి ఏటా సాయంత్రం వేళ, రెండున్నర గంటల పూర్తి కచేరీ, అనుభవం ఉన్న మృదంగ విద్వాంసుడితో ఇస్తున్నాము. నిధులు చాలక ఇద్దరికి ఇవ్వలేకపోతున్నాము. ఆ రోజు హాలు ఇంకా సగమే నిండుతోంది, కానీ వచ్చినవారు తని ఆవర్తనం, అంటే మృదంగం ఒంటరిగా వాయించే భాగం అయ్యేదాకా లేవడం లేదు.