నీట్ పోయిందని రీసెర్చా? రీసెర్చ్ మీద ఇష్టంతో రీసెర్చా?

ప్రశ్న: సార్, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల రొయ్యల చెరువు లీజుకు చేస్తున్నాను. మా అమ్మాయి బైపీసీ. నీట్ రెండుసార్లు రాసింది, కన్వీనర్ కోటాలో సీటు రాలేదు. మేనేజ్‌మెంట్ సీటుకు మాకు స్తోమత లేదు. మూడేళ్ల క్రితం మా చెల్లెలికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో అయ్యాయి. ఇప్పుడు రోజూ ఒక మాత్ర వేసుకుంటోంది, బాగానే ఉంది. అప్పట్లో మా అమ్మాయి ఆ రిపోర్టులన్నీ ఫోన్లో ఫొటోలు తీసుకుని, ‘ఈఆర్ పాజిటివ్ అంటే ఏంటి’ అని డాక్టరు గారినే అడిగింది. ఇప్పుడు ‘లాంగ్‌టర్మ్ కోచింగ్ వద్దు నాన్నా, బీఎస్సీ చేసి రొమ్ము క్యాన్సర్ మందుల మీద రీసెర్చ్ చేస్తా’ అంటోంది. బీఎస్సీ చదివితే ప్రైవేటు స్కూల్లో టీచరే గతి అని మా బావగారంటున్నారు. ఇంకో ఏడాది నీట్‌కే పంపమంటారా?

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఆపింది నీట్ కాదండీ, ఆ రిపోర్టుల ఫొటోలు. మేనత్తకు జబ్బు చేస్తే ఏ పిల్లయినా ఏడుస్తుంది, మొక్కుకుంటుంది. రిపోర్టులో మాట పట్టుకుని డాక్టరును అడిగే పిల్లలు తక్కువ. అయినా నాకో అనుమానం ఉంది, దాచను. నీట్ పోయిన బాధలో ‘రీసెర్చ్’ అనేవాళ్లను నేను చాలామందినే చూశాను. ఎమ్మెస్సీకి వచ్చాక కూడా వాళ్ల మనసు స్టెతస్కోపు మీదే ఉంటుంది. అటు డాక్టరూ కారు, ఇటు ల్యాబ్‌లో నిలవరు. మీ అమ్మాయి ఆ కోవలోదా కాదా అన్నది ముందు తేలాలి. కోర్సు సంగతి ఆ తర్వాత.

అసలు ఈ పనేమిటో మీకు చెబుతాను. మీ చెల్లెలిది ఈఆర్ పాజిటివ్ అంటున్నారు కాబట్టి ఆ మాత్ర టామోక్సిఫెనో, ఆ దారిలోదే ఇంకొకటో అయి ఉంటుంది. ఆ రకం క్యాన్సర్ కణాలకు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మేత లాంటిది. కణంలో ఆ హార్మోన్ కూర్చునే చోట టామోక్సిఫెన్ ముందే వెళ్లి కూర్చుంటుంది. తమాషా ఏమిటంటే, 1960లలో దాన్ని తయారుచేసింది గర్భనిరోధక మాత్రగా వాడదామని. ఆ పనికి అది పనికిరాలేదు. ఆ మందును పక్కన పడేయకుండా ‘మరి ఇది ఇంకేం చేస్తోంది’ అని అడిగినవాళ్లుండబట్టి అది క్యాన్సర్ మందైంది. 1973లో బ్రిటన్‌లో, 1977లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఇక మందు పనిచేస్తోందని తేల్చడం ఇంకా పెద్ద పని. ఇది మీకు నాకన్నా బాగా అర్థమవుతుంది. మేత కంపెనీ అబ్బాయి బైక్ మీద వచ్చి ‘మా మేత వేస్తే కౌంట్ అదిరిపోతుందండీ’ అంటాడు. మీరేమంటారు? ఏ చెరువులో వేశావు, పక్క చెరువులో ఏం వేశావు, సీడ్ ఒక్కటేనా, నీళ్లు ఒక్కటేనా అని అడుగుతారు. బాగా పండే చెరువులో కొత్త మేత వేసి, చవుడు చెరువులో పాత మేత వేస్తే ఎవరైనా గెలుస్తారు. అందుకే ఎవరికి కొత్త మందు, ఎవరికి పాత పద్ధతి అన్నది డాక్టరు ఇష్టానికి వదలకుండా చీటీ వేసినట్టు తేలుస్తారు. రొయ్యకైతే నాలుగు నెలల్లో పట్టుబడి వస్తుంది, లెక్క తేలిపోతుంది. రొమ్ము క్యాన్సర్‌లో ఐదేళ్లు, పదేళ్లు ఎదురు చూడాలి.

ముంబై టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ల పని ఒకటి చెబుతాను. పన్ను పీకేముందు ఇచ్చే మత్తు ఇంజెక్షన్ ఉంటుంది కదా, ఆ లిడోకెయిన్‌నే రొమ్ము ఆపరేషన్‌కు కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ ఇస్తే ఏమవుతుందని చూశారు. దేశంలో 11 ఆసుపత్రులు, దాదాపు 1,600 మంది మహిళలు. 2011లో మొదలుపెడితే ఫలితాలు అచ్చయింది 2023లో. ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు ఇంజెక్షన్ ఇచ్చిన గుంపులో 90.1 శాతం, ఇవ్వని గుంపులో 86.4 శాతం. పెద్ద మందేమీ కాదు, చవక ఇంజెక్షన్. ఇంకో ట్రయల్‌లోనూ ఇలాగే వస్తే నమ్ముతాం అనే డాక్టర్లూ ఉన్నారు, అలా అడగడం న్యాయమే. నూటికి నలుగురి తేడా కోసం పన్నెండేళ్లు. ఈ లెక్క విని మీ అమ్మాయి మొహం వాడిపోతే ఒక అర్థం, ‘ఎందుకు పనిచేసింది నాన్నా’ అని అడిగితే ఇంకో అర్థం.

మీ బావగారి మాటకు వస్తాను. ఆయన చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. బీఎస్సీ చేసి అక్కడితో ఆగితే అంతే. ఈ దారిలో బీఎస్సీ మొదటి మెట్టు మాత్రమే. ఇప్పుడు మన దగ్గర ఆనర్స్ నాలుగేళ్లు. నర్సాపురం వై.ఎన్., భీమవరం డి.ఎన్.ఆర్. లాంటి పాత కాలేజీలు ఇంటికి దగ్గర్లోనే ఉన్నాయి, కాస్త దూరమైతే కాకినాడ పి.ఆర్. ఉంది. ఏ కాలేజీ అయినా చేరేముందు ల్యాబ్‌లోకి వెళ్లి చూడండి, మైక్రోస్కోపు మీద దుమ్ము ఎంత ఉందో అదే చెబుతుంది. ఆ తర్వాత ఎమ్మెస్సీకి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోటికి వెళ్లాలి. దానికి సీయూఈటీ పీజీ, కొన్ని బయోటెక్నాలజీ సీట్లకు గాట్-బి రాయాలి. అసలు గేటు మాత్రం సీఎస్ఐఆర్ నెట్ పరీక్ష. అందులో జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి మీరు రూపాయి పెట్టక్కర్లేదు. నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 వాళ్లే ఇస్తారు. హైదరాబాద్ సీసీఎంబీ, నవీ ముంబైలో టాటా వాళ్ల యాక్ట్రెక్ ఇలాంటి పని జరిగే చోట్లు.

తిరుపతిలో ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ కూడా ఉంది, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. రీసెర్చే అనుకునే పిల్లకు నా మొదటి ఓటు దానికే. కానీ ప్రవేశ పరీక్షలో లెక్కల ప్రశ్నలూ ఉంటాయి, బైపీసీ పిల్లలు అక్కడే దెబ్బ తింటారు. పైగా ఇంటర్ ఏ ఏడాది పాసయ్యారన్న దానికి పరిమితి ఉంటుంది. లాంగ్‌టర్మ్‌లో కూర్చున్న ప్రతి ఏడాదీ ఇలాంటి తలుపు ఒకటి చప్పుడు లేకుండా మూసుకుంటుంది. ఈ ఏడాది నోటిఫికేషన్‌లో ముందు ఆ లైనే చదవండి.

ఫార్మ్-డి అనే ఫార్మసీ కోర్సు ఆరేళ్లు. మందులు, పేషెంట్లు, ట్రయల్ పనులు కావాలనుకుంటే మంచిదే, ఉద్యోగం కాస్త ముందుగా వస్తుంది. స్టాటిస్టిక్స్ అంటే ఇష్టమున్న పిల్లలకు ఈ రంగంలో అడిగి మరీ పని ఇస్తారు, కానీ లెక్కలు వదిలేసిన బైపీసీ పిల్లకు నేను గట్టిగా చెప్పలేను.

టైమ్ సంగతి కూడా చెప్పాలి. బీఎస్సీ, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కలిపి పదీ పదకొండేళ్లు. ఆపైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే రీసెర్చ్ పని, రెండు మూడేళ్లు. ముప్పై దాటుతుంది. పెళ్లి టెన్షన్ ఇంట్లో ఎప్పుడు మొదలవుతుందో మీకే తెలుసు. దాని గురించి ఇప్పుడే అమ్మాయితో కూర్చుని మాట్లాడుకోండి, పీహెచ్‌డీ మధ్యలో కాదు. ఇంకో మాట: పీహెచ్‌డీ చేస్తే పేరు ముందు డాక్టర్ అని వస్తుంది గానీ, ప్రిస్క్రిప్షన్ రాయడం కుదరదు. పేషెంటు చెయ్యి పట్టుకుని వైద్యం చేయాలని ఉంటే ఎంబీబీఎస్ తప్ప దారి లేదు. ఎంబీబీఎస్ చేసి రీసెర్చ్‌లోకి రావచ్చు, టాటాలో ఆ ట్రయల్ నడిపింది సర్జన్లే. బీఎస్సీ చేసి వైద్యంలోకి రావాలంటే మాత్రం మళ్లీ నీట్ రాయాల్సిందే.

మీ పక్కనే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు వైద్యం చదివి కూడా జీవితమంతా ల్యాబ్‌లోనే గడిపారు. అమెరికాలో ఆయన బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ మొదట పిల్లల రక్త క్యాన్సర్‌కు పనికొచ్చిన మందుల కోవలోది. ఆయన పోయిన చాలా ఏళ్లకు, 1976లో ఇటలీలోని మిలన్ డాక్టర్లు ఆ మందును ఇంకో రెండింటితో కలిపి, రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని చూపించారు. ఆ కలయిక పేరే సీఎంఎఫ్, అందులో ‘ఎం’ మన ఊరివాడిది. ఆయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ పాసవలేదు. ఈ ముక్క మాత్రం మీ బావగారికి చెప్పకండి, మూడో నీట్‌కి సాక్ష్యం దొరికిందంటారు.

ఆ మూడో నీట్ మీద నా మాట: రెండోసారి మార్కులు మొదటిసారి కన్నా బాగా పెరిగి, సీటు అంచుదాకా వచ్చి, పిల్లే అడిగితే పంపండి. తను వద్దంటుంటే పంపకండి. ఫీజు పోవడం ఒక్కటే కాదు, ఆ ఏడాది హాస్టల్లో పిల్లలు ఏమైపోతారో తల్లిదండ్రులకు ఆదివారం ఫోన్లో తెలియదు.

తేల్చుకోవడానికి ఒక పని చేయండి. మీ చెల్లెలు మళ్లీ చెకప్‌కి వెళ్లేటప్పుడు మీ అమ్మాయినే తోడు పంపండి. ఎలాగూ దగ్గరి బంధువుకి ఈ జబ్బు వచ్చింది కాబట్టి, ఇంట్లో ఆడవాళ్లకు ఎప్పటినుంచి ఏ పరీక్షలు అవసరమో కూడా డాక్టరు గారిని అప్పుడే అడగమనండి. పొద్దున్నుంచి ఆ ఓపీ లైన్లో కూర్చుని వచ్చాక, రాత్రి అన్నం దగ్గర తను మొదట ఎవరి గురించి, దేని గురించి మాట్లాడుతుందో వినండి. పక్క కుర్చీలో కూర్చున్న పేషెంటు గురించా, రిపోర్టులో కొత్తగా కనిపించిన మాట గురించా. అది విన్నాక నాకు మళ్లీ రాయండి.