నయం కాని దశలో డాక్టరును ఏమని అడగాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. క్లోమగ్రంథిలో మొదలైన క్యాన్సర్ కాలేయానికి పాకింది. మొదట ఇచ్చిన కీమోథెరపీ పనిచేయలేదు. ఇకపై పాలియేటివ్ కేర్ (జబ్బును నయం చేయడానికి కాక నొప్పి, బాధలు తగ్గించడానికి అందించే సేవలు) మేలని డాక్టరుగారు రెండు ముక్కల్లో చెప్పి, మరో రోగి దగ్గరికి వెళ్లిపోయారు. వేరే రకం కీమో ఇప్పించాలని అన్నయ్య పట్టుబడుతున్నాడు. మార్ఫిన్ అలవాటైపోతుందేమోనన్న భయంతో అమ్మ సగం మోతాదే ఇస్తోంది. నాన్నగారికి అసలు సంగతి ఇంకా చెప్పలేదు. డాక్టరుగారితో ఎలా మాట్లాడాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్నిటికంటే ముందు నొప్పి సంగతి చూడండి, మిగతా విషయాలు రెండు రోజులు ఆగినా ఫరవాలేదు. క్యాన్సర్ నొప్పికి వైద్యుల పర్యవేక్షణలో వాడే మార్ఫిన్ వ్యసనంగా మారడం అరుదు. నొప్పి భరించలేనంత పెరిగాక కాకుండా, వేళ ప్రకారం ఇవ్వాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పిన పద్ధతి. అలాగని అమ్మగారు రేపటి నుంచి మోతాదును తనంతట తాను రెట్టింపు చేయకూడదు. ఇంతవరకు ఎంత ఇచ్చారో, నొప్పి ఏ వేళల్లో ఎక్కువవుతోందో దాచకుండా డాక్టరుకు చెబితే మోతాదు ఆయనే సరిచేస్తారు. మార్ఫిన్ మొదలుపెట్టిన రోజు నుంచే మలబద్ధకానికి కూడా మందు అవసరమవుతుంది. అది రాయకపోతే మీరే అడగండి. మొదటి కొన్ని రోజుల మగతను చూసి జబ్బు ముదిరిందని కంగారుపడేవారు చాలామంది, కాని అది సాధారణంగా తగ్గిపోతుంది. తగ్గకపోయినా, లేపినా లేవలేనంతగా ఉన్నా, ఊపిరి బాగా నెమ్మదించినా వెంటనే డాక్టరుకు తెలపాలి.

ఇక డాక్టరుగారితో మాటల విషయం. వార్డులో నిలబెట్టి అడిగితే ఎంతటి మంచి వైద్యుడైనా రెండు ముక్కలే చెప్పగలడు. విడిగా సమయం అడిగి, అన్నయ్యను వెంట తీసుకెళ్లండి. ఆయన లేకుండా మీరు విని వచ్చి చెబితే, ఇంట్లో మీరిద్దరూ వాదించుకోవడమే మిగులుతుంది. "ఇంకేమైనా చేయగలమా?" అని అడగకండి, ఎందుకంటే చేయడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. "ఈ కీమో ఏ ఉద్దేశంతో ఇస్తారు? బాగా పనిచేస్తే ఎంత మేలు? అందులో ఎంత కాలం ఆసుపత్రిలోనే గడుస్తుంది? వద్దనుకుంటే రాబోయే వారాలు ఎలా ఉంటాయి?" అని అడగండి. నాన్నగారు మెలకువగా ఉన్న సమయంలో సగానికి పైగా మంచంపైనే ఉంటున్నారా అన్నది తప్పక చెప్పాలి, ఎందుకంటే శరీరం అంతగా నీరసించినప్పుడు కీమో వల్ల మేలు కంటే బాధే ఎక్కువయ్యే అవకాశం ఉంది. అన్నయ్యకు అప్పటికీ సందేహం తీరకపోతే బయాప్సీ నివేదిక, స్కాన్లు తీసుకుని మరో నిపుణుడిని కలవడంలో తప్పులేదు, ఏ డాక్టరూ దానికి నొచ్చుకోనక్కర్లేదు.

పాలియేటివ్ కేర్ అంటే చేతులెత్తేయడమని మీ ఇంట్లో అనుకుంటున్నట్టుంది. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇతర భాగాలకు పాకిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే ఈ సేవలు కూడా అందించగా, వారి జీవన నాణ్యత మెరుగుపడింది. వారు సగటున ఎక్కువ కాలం జీవించారు కూడా. మీ నాన్నగారి జబ్బు వేరు, దశ వేరు కనుక ఆ ఫలితాన్ని ఇక్కడ యథాతథంగా ఆశించలేం. అయితే ఆయన జబ్బులోనూ చేయగలిగినవి ఉన్నాయి: మందులకు లొంగని కడుపునొప్పికి నరాల దగ్గర ఇచ్చే ఇంజెక్షను, పచ్చకామెర్లు వస్తే పిత్తనాళంలో అమర్చే స్టెంటు, తిన్నది అరగక జిడ్డుగా విరేచనాలవుతుంటే ఎంజైమ్ క్యాప్సూళ్లు. వీటిలో ఆయనకు ఏవి పనికొస్తాయో పేరుపేరునా అడగండి. ఆకలి మందగించడం జబ్బు లక్షణమే కనుక బలవంతంగా తినిపించవద్దు.

నాన్నగారికి చెప్పాలా వద్దా అన్నది మీరు ముగ్గురూ కూర్చుని తేల్చవలసిన విషయం కాదు. "మీ జబ్బు గురించి మీకేమని అర్థమైంది? డాక్టరు చెప్పేవన్నీ వినాలని ఉందా, లేక మాతో చెప్పమంటారా?" అని ఆయననే అడగండి. ఇలాంటి స్థితిలో ఉన్నవారిలో చాలామంది ముందే గ్రహించి, ఇంట్లోవాళ్లు బాధపడతారని ఊరుకుంటారు. వినాలని లేదంటే ఆ కోరికను మన్నించండి. తెలుసుకోవాలంటే మాత్రం రెండో కీమో మీద తుది మాట ఆయనదే, అన్నయ్యది కాదు.

గడువు గురించి తేదీ అడిగితే ఏ డాక్టరూ చెప్పలేరు. నెలల్లో ఆలోచించాలా, వారాల్లోనా అని అడిగితే చాలావరకు చెప్పగలరు, మీ ఏర్పాట్లకు అది చాలు. ఆ గది నుంచి బయటికి వచ్చేముందు, అర్ధరాత్రి నొప్పి పెరిగితే అదనంగా ఏ మందు ఎంత ఇవ్వాలో, ఎవరికి ఫోన్ చేయాలో, ఏ పరిస్థితిలో ఆసుపత్రికి తీసుకురావాలో కాగితం మీద రాయించుకోండి. దాన్ని అమ్మగారికి అందేచోట పెట్టండి.