డిసెంబరు ప్రాగ్‌: అమ్మానాన్నలతో రెండు రోజులు

అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు, చేతిలో రెండు రోజులే, చలిలో చెక్ రిపబ్లిక్ రాజధాని ప్రాగ్ ఎలా చూపించాలి అని అడిగారు కదండీ. నిశ్చింతగా తీసుకెళ్లండి. చలికంటే ముందు చూసుకోవాల్సింది వెలుతురు. డిసెంబరులో సాయంత్రం నాలుక్కే పొద్దుగుంకుతుంది. కాబట్టి కొండమీది ప్రాగ్ కోట పని పొద్దున్నే పెట్టుకోండి. కింద నుంచి మెట్లెక్కించొద్దు. 22వ నంబరు ట్రామ్ ఎక్కి ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో దిగితే కొద్ది నడకే. కాగితం టికెట్ అయితే ట్రామ్ ఎక్కగానే లోపలి మెషీన్‌లో స్టాంపు వేయించుకోవడం మరవకండి, లేదంటే జరిమానా.

1357లో మొదలైన చార్లెస్ వంతెనకు మర్నాడు తెల్లవారుతూనే వెళ్లండి, జనం ఉండరు. రాళ్లు పరిచిన దారి మంచుకు జారుతుంది, అందుకే పట్టున్న బూట్లు తప్పనిసరి. చీకటి పడ్డాక పాత బస్తీ చౌరస్తాలో 1410 నాటి గడియారం దగ్గర నిలబడండి. గంట కొట్టగానే పైన రెండు చిన్న కిటికీలు తెరుచుకుని అపొస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు వరసగా తిరుగుతాయి. పెద్దవాళ్లు మురిసిపోతారు! ఆ గడియారం ఉన్న టౌన్ హాల్ బురుజుకు లిఫ్టు కూడా ఉంది.

శాకాహారులైతే స్మజెనీ సీర్ అడగండి, అది వేయించిన చీజ్. అక్కడి డబ్బు కొరునా, యూరో కాదు. కార్డు మెషీన్ రూపాయల్లోనా కొరునాల్లోనా అని అడిగితే కొరునాలే నొక్కండి.